కార్బన్ డబ్బులిస్తామంటే సంతకం పెట్టాలా? ఏజెన్సీ రైతుకి ఏ దారి నయం

ఏజెన్సీలో గానీ దాని అంచున ఉన్న మెట్ట ఊళ్ళలో గానీ రెండు మూడు ఎకరాలున్న రైతుకి ఇప్పుడు కొత్తగా ఒక ప్రశ్న వచ్చి పడింది. చెట్లు పెంచండి, ఉన్న అడవిని కాపాడండి, మీ చెట్లు పీల్చుకున్న కార్బన్‌కి డబ్బులిస్తాం అని ఎవరో ఒకరు వస్తారు, ఫోన్ పట్టుకుని పొలం గట్టు మీద చుట్టూ తిరిగి మ్యాప్ గీసుకుంటారు, ఆధార్ కాపీ పట్టా కాపీ అడుగుతారు, చివర్లో పది పదిహేను పేజీల అగ్రిమెంట్ తీసి ఇక్కడొక సంతకం ఇక్కడొక సంతకం అంటారు. వచ్చినవాళ్ళందరూ చెప్పేది ఒకటే స్కీమ్ అనుకుంటారు మనవాళ్ళు. కాదు. తోటలో చెట్లు పెట్టించేది ఒకటి, పేపర్ మిల్లు కలప పెంచేది ఇంకొకటి, ఊరుమ్మడి అడవిని కాపాడేది మూడోది, కార్బన్ లెక్కతో పని లేకుండా అడవి కొట్టకుండా ఉంచినందుకు ఏటా ఇంత అని ఇచ్చేది నాలుగోది. ఈ నాలుగింటికీ వచ్చే డబ్బు వేరు, పడే కట్టుబాట్లు వేరు, అందుకే పక్కపక్కన పెట్టి చూద్దాం.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. రేపు కార్బన్ డబ్బు ఒక్క రూపాయి రాకపోయినా ఆ చెట్టు వల్ల మీకు కాయో, గింజో, కలపో వచ్చేలా ఉంటేనే ఒప్పుకోండి. కార్బన్ డబ్బు అనేది దీపావళి బోనస్ లాంటిది, దాన్ని జీతం అనుకుని ఇల్లు నడపలేం. ఎందుకలా అంటున్నానో లెక్కతోనే చెప్తా.

అసలు ఎకరాకి ఎంత వస్తుంది

ఒక క్రెడిట్ అంటే ఒక టన్ను కార్బన్ డయాక్సైడ్. చెట్టు పెరిగేకొద్దీ గాలిలోంచి పీల్చుకుని ఆ కార్బన్‌ని మానులో, కొమ్మల్లో, వేళ్ళలో దాచుకుంటుంది, అది ఎంతో కొలిచి, టన్నుల్లోకి మార్చి, ఆ టన్నుల్ని ఎక్కడో పొగ వదిలే కంపెనీకి అమ్ముతారు. కొలిచే పద్ధతి పెద్ద బ్రహ్మవిద్య ఏమీ కాదు, నేల నుంచి మనిషి ఛాతీ ఎత్తులో అంటే సుమారు నాలుగున్నర అడుగుల దగ్గర మాను చుట్టూ టేపు పెట్టి చుట్టుకొలత తీస్తారు, జాతి ఏంటో రాసుకుంటారు, ఆ జాతికి ఉన్న ఫార్ములాలో వేసి బరువు కడతారు. అన్ని తోటల్లోనూ కొలవరు, కొన్ని మడులు శాంపిల్‌గా తీసుకుని మిగతావాటికి అంచనా వేస్తారు, దాన్ని బయటి నుంచి ఇంకో ఆడిటర్ వచ్చి చెక్ చేశాకే క్రెడిట్లు పుడతాయి. మొక్క పెట్టిన రోజు నుంచి మొదటి క్రెడిట్ చేతికి రావడానికి మూడు నుంచి ఐదేళ్ళు మామూలే.

మన వర్షాలకి, మన నేలకి, కాఫీ పండ్ల చెట్లు కలిపి పెట్టిన తోట ఎకరాకి ఏడాదికి రెండు నుంచి నాలుగు టన్నులు పీల్చుకుంటుందని పెట్టుకోండి, మధ్యలో మూడు తీసుకుందాం. ప్రపంచ స్వచ్ఛంద మార్కెట్‌లో, అంటే చట్టం బలవంతం లేకుండా కంపెనీలు తమంతట తాము క్రెడిట్లు కొనే చోట, 2023లో సగటు రేటు టన్నుకి ఆరున్నర డాలర్లు, అంటే దగ్గర దగ్గర 550 రూపాయలు. కొంచెం ఉదారంగా 600 వేసుకున్నా మూడు టన్నులకి 1,800. ఇందులో గాలివాన, నిప్పు లాంటివి వస్తే భర్తీకని కొన్ని క్రెడిట్లు అమ్మకుండా పక్కన పెడతారు, ఐదో వంతు అనుకుంటే మిగిలేది 1,440, ఆడిట్ ఖర్చు, రిజిస్ట్రేషన్ ఖర్చు, స్టాఫ్ ఖర్చు తీసేసి రైతుకి సగం ఇస్తారనుకుంటే ఎకరాకి ఏడాదికి 720 రూపాయలు. చెట్లు కొత్తగా పెంచే క్రెడిట్లకి ఉన్న అడవిని కాపాడే క్రెడిట్ల కంటే రేటు ఎక్కువ పలుకుతుంది, అలా చూసి టన్నుకి 1,500 అన్నా రైతు చేతికి 1,800. అదే ఎకరాలో కాఫీ కాసి వంద కిలోల పార్చ్‌మెంట్ (పండు తొక్క తీసి ఎండబెట్టిన గింజ) వచ్చి, గిరిజన సహకార సంస్థ జీసీసీ కిలో 400 చొప్పున కొంటే 40,000. కూలి ఖర్చు తీసేసినా రెండింటికీ పోలికే లేదు.

రేటు ముందు ముందు బాగా పెరుగుతుంది అని చెప్తారు. దానికి మన దగ్గరే ఒక పాత ఉదాహరణ ఉంది. ఒకప్పటి ఆదిలాబాద్ జిల్లాలో పవర్‌గూడ అని ఒక ఆదివాసీ గూడెం, అక్కడి డ్వాక్రా ఆడవాళ్ళు కానుగ మొక్కలు పెంచి, కానుగ గింజల నుంచి నూనె తీశారు, డీజిల్ బదులు ఆ నూనె వాడితే తగ్గే పొగని లెక్కగట్టి 2003లో ప్రపంచ బ్యాంకు 147 టన్నులకి 645 డాలర్లు కట్టింది. అప్పటి లెక్కలో సుమారు 29 వేల రూపాయలు, అదీ పదేళ్ళ కాలానికి కలిపి. ఒక గూడెం ఆడవాళ్ళు ఆ రోజుల్లోనే ప్రపంచ బ్యాంకుకి కార్బన్ అమ్మారంటే నిజంగా గర్వపడాల్సిన విషయం, దాన్ని తక్కువ చేయట్లేదు, కానీ టన్నుకి పడింది నాలుగు డాలర్ల నలభై సెంట్లు, ఇరవై ఏళ్ళ తర్వాత 2023లో సగటు ఆరున్నర. ఈ ఇరవై ఏళ్ళలో కూలి రేటు ఎన్ని రెట్లు అయ్యిందో, కాఫీ రేటు ఎన్ని రెట్లు అయ్యిందో మీకే తెలుసు. పైగా మధ్యలో రేటు పూర్తిగా పడిపోయిన రోజులూ ఉన్నాయి, సీడీఎం క్రెడిట్లు, అంటే మనలాంటి దేశాల్లో పొగ తగ్గించే ప్రాజెక్టులకి ఐక్యరాజ్యసమితి పద్ధతిలో ఇచ్చేవి, 2008లో ఇరవై యూరోలు దాటి పలికి 2012 చివరికి ఒక్క యూరో కిందకి వచ్చేశాయి. ఏజెంట్ చెప్పే రేటు ఇవాళ్టిది, మీ అగ్రిమెంట్ మాత్రం ఇరవై ఏళ్ళది.

మొదటి దారి: తోటలో చెట్లు, అరకు పద్ధతి

నాలుగింటిలో నేను ఎక్కువ మంది రైతులకి చెప్పేది ఇదే. అరకు లోయలో 2010 నుంచి నాంది ఫౌండేషన్ వాళ్ళు, ఫ్రాన్స్‌కి చెందిన లైవ్లీహుడ్స్ ఫండ్ వాళ్ళు కలిసి చేశారు, మొదటి దశలోనే 30 లక్షల దాకా మొక్కలు పెట్టించారు. కాఫీ, పండ్ల చెట్లు, కట్టెకి కలపకి పనికొచ్చే చెట్లు, అన్నీ కలిపి. డానోన్, ష్నైడర్ ఎలక్ట్రిక్, హెర్మెస్ లాంటి కంపెనీలు ఆ ఫండ్‌లో ముందే డబ్బు పెట్టాయి, దానికి బదులుగా ఇరవై ఏళ్ళ పాటు పుట్టే క్రెడిట్లు ఆ కంపెనీలకి వెళ్తాయి.

ఇక్కడ జాగ్రత్తగా చూడాల్సింది ఏంటంటే ఈ పద్ధతిలో రైతు ఏటా చెక్కు కోసం ఎదురు చూసే పని లేదు, కార్బన్ డబ్బు ముందే వచ్చి మొక్కగా, నర్సరీగా, ట్రైనింగ్‌గా మారిపోయింది, క్రెడిట్లు వాళ్ళవి, చెట్టూ కాయా రైతువి. కొందరు దీన్ని మోసం అంటారు, మా చెట్లు పీల్చిన కార్బన్ వాళ్ళెందుకు పట్టుకెళ్ళాలి అని. నేను అలా అనుకోను. చిన్న రైతుకి అసలు కష్టం మొదటి మూడు నాలుగేళ్ళు, కాఫీ మొక్క కాపుకి వచ్చేదాకా, పనస మామిడి ఇంకా ఎక్కువ టైమ్, ఆ రోజుల్లో మొక్క ఎవరు కొంటారు, గుంత ఎవరు తవ్విస్తారు, చచ్చిపోయిన మొక్క స్థానంలో ఇంకోటి ఎవరు తెస్తారు? పదో ఏడు వచ్చే 720 రూపాయల కంటే మొదటి ఏడు ఉచితంగా వచ్చే బతికే మొక్క విలువ ఎక్కువ. కానీ ఇది నిజం అవ్వాలంటే వాళ్ళు ఇచ్చే మొక్క మీకు కావాల్సిన మొక్క అయ్యుండాలి. ఏ మొక్కలు ఇస్తారో లిస్టు అడగండి. పనస, నారింజ, మామిడి, సిల్వర్ ఓక్ దాని మీదకి పాకించుకోవడానికి మిరియాల తీగ, చింత, ఉసిరి, ఇలాంటివి ఉంటే మంచిది. లిస్టులో అంతా త్వరగా లావెక్కే ఒకటే జాతి ఉంటే అది కార్బన్ కోసం వేసుకున్న లిస్టు, మీ కోసం కాదు.

ఇందులో నాకు బాధ కలిగించే విషయం ఒకటుంది. పాత చెట్లకి డబ్బు రాదు. మీ తాత పెట్టిన పనస, పోడు కొట్టినప్పుడు కూడా నరక్కుండా వదిలేసిన ఇప్ప, చింత, జీలుగు, ఇవన్నీ ప్రాజెక్టు మొదలవ్వకముందే ఉన్నాయి కాబట్టి లెక్కలోకి రావు, కొత్తగా పెరిగిన కార్బన్‌కే క్రెడిట్. అంటే ఇన్నేళ్ళూ చెట్టుని కాపాడుకున్న మనిషికి తక్కువ వస్తుంది, ఖాళీ చేసి పెట్టుకున్నవాడికి ఎక్కువ వస్తుంది. ఇది చూసి కొందరు పాత చెట్లు తీసేసి కొత్తవి పెట్టుకుంటే పోలా అనుకుంటారు, దయచేసి ఆ పని చేయొద్దు. పెద్ద స్టాండర్డ్‌లలో, అంటే క్రెడిట్లు ఇవ్వడానికి పెట్టిన రూల్స్‌లో, పదేళ్ళ లోపు సహజమైన అడవి నరికిన నేలని చెట్ల పెంపకం ప్రాజెక్టులోకి తీసుకోరు, శాటిలైట్ ఫోటోల్లో పాత సంవత్సరాలవి కూడా చూస్తారు, చెట్టూ పోతుంది డబ్బూ రాదు. కొత్తగా కొట్టిన పోడుకీ ఇదే వర్తిస్తుంది.

రెండో దారి: పేపర్ మిల్లు కలప

ఖమ్మం, భద్రాచలం వైపు ఇది పాతదే. జామాయిల్, సుబాబుల్, సరుగుడు. భద్రాచలం పేపర్ మిల్లు నడిపే ఐటీసీ ఖమ్మం జిల్లాలో మూడు వేల హెక్టార్ల దాకా చిన్న రైతుల భూముల్లో పెంచిన తోటల్ని 2009లో సీడీఎం కింద రిజిస్టర్ చేయించింది, ఒడిశా రాయగడ దగ్గర జేకే పేపర్ వాళ్ళు కూడా కోరాపుట్, కలహండితో పాటు మన శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ రైతుల్ని కలుపుకుని ప్రపంచ బ్యాంకు ఫండ్‌తో ఒకటి చేశారు.

మైదానంలో, రోడ్డు పక్కన, నీళ్ళు లేని మెట్ట భూమి ఉండి కుటుంబం వలస పోతుంటే ఇది తీసేయాల్సిన దారి కాదు, నాలుగేళ్ళకోసారి కటింగ్‌కి ఒకేసారి డబ్బు చేతికొస్తుంది, కొనేవాడు దగ్గర్లోనే ఉంటాడు, జామాయిల్, సుబాబుల్ అయితే మొదటి కటింగ్ తర్వాత మోడు నుంచి మళ్ళీ చిగురిస్తాయి కాబట్టి మొక్క ఖర్చు తక్కువ. కానీ కార్బన్ కోసం అని దీన్ని ఎంచుకోవడంలో అర్థం లేదు. నరికే చెట్టు కాబట్టి దాచుకున్న కార్బన్ మళ్ళీ మళ్ళీ తగ్గిపోతుంటుంది, లెక్కలో సగటే తీసుకుంటారు, సీడీఎంలో అయితే చెట్ల క్రెడిట్లకి గడువు కూడా పెట్టారు, గడువు అయిపోతే కొన్నవాడు మళ్ళీ వేరేవి కొనుక్కోవాలి, అందుకే ఎవరూ ఎక్కువ రేటు ఇవ్వలేదు. కాబట్టి టన్ను కలప రేటు, కటింగ్ కూలి ఎవరిది, లారీ బాడుగ ఎవరిది, తూకం ఎక్కడ వేస్తారు, వీటి మీద బేరమాడండి. కార్బన్ పేరు చెప్పి కలప రేటు తగ్గిస్తానంటే ఒప్పుకోకండి.

కొండ వాలు మీద మాత్రం వద్దు. ఊట చెలమ పైన ఉన్న నేలలో జామాయిల్ పెట్టి కింద ఊరికి నీళ్ళు తగ్గాయని గొడవలు పడ్డ చోట్లు ఉన్నాయి. అడవిని కాపాడే మాటకి, ఈ దారికి సంబంధం తక్కువే.

మూడో దారి: ఊరుమ్మడి అడవి

దీని గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఆశ ఎక్కువ ఉన్నదీ, దెబ్బ తగిలితే గట్టిగా తగిలేదీ ఇదే.

మన దేశంలో దీనికి మంచి ఉదాహరణ మేఘాలయలో ఉంది. ఖాసీ కొండల్లో మౌఫ్లాంగ్ దగ్గర పది హిమాలు, అంటే ఖాసీల సంప్రదాయ పాలనా ప్రాంతాలు, కలిసి ఒక సమాఖ్య పెట్టుకుని 27 వేల హెక్టార్ల ప్రాంతంలో అడవిని కాపాడే ప్రాజెక్టు నడుపుతున్నాయి, ప్లాన్ వివో అనే స్టాండర్డ్ కింద. వేసవిలో నిప్పు రాకుండా గీతలు కొట్టడం, బొగ్గు కాల్చడం తగ్గించడం, కట్టెలు తక్కువ తినే పొయ్యిలు ఇవ్వడం, నరికేసిన చోట సహజంగా మళ్ళీ అడవి లేచేలా వదిలేయడం, చేసే పనులు ఇవే. క్రెడిట్ డబ్బు ఊళ్ళకి గ్రాంటుగా వెళ్తుంది, ఎవరికి వారు పంచుకోవడం కాదు. ఇది అక్కడ నడుస్తోందంటే కారణం ఒకటే, ఆ అడవి ఎవరిది అనే ప్రశ్న అక్కడ లేదు. మౌఫ్లాంగ్ పవిత్ర వనంలోంచి ఆకు కూడా తీసుకెళ్ళకూడదన్న కట్టుబాటు తరతరాల నుంచి వాళ్ళే పెట్టుకున్నది, రాజ్యాంగం ఆరో షెడ్యూల్ కింద నేల మీద హక్కు వాళ్ళది.

మన దగ్గర పరిస్థితి వేరు. 2006 అటవీ హక్కుల చట్టం కింద వ్యక్తికి ఇచ్చే పోడు పట్టా ఒకటి, ఊరికి ఇచ్చే సామూహిక అటవీ వనరుల హక్కు ఇంకొకటి. పోడు పట్టాలు చాలా వచ్చాయి, తెలంగాణలో 2023లో ఒక్క విడతలోనే 4 లక్షల ఎకరాల దాకా ఇచ్చారు. ఊరి హక్కు పత్రాలు మాత్రం అంతగా రాలేదు, ఆంధ్రలో కొన్ని చోట్ల గ్రామసభ పేరు మీద రావాల్సినవి వీఎస్‌ఎస్, అంటే అటవీ శాఖ పెట్టించిన వన సంరక్షణ సమితి పేరు మీద వచ్చాయి. అందుకే ఎవరైనా మీ ఊరి అడవికి కార్బన్ డబ్బు ఇస్తాం అంటే మొదట చూడాల్సింది రేటు కాదు, ఆ పత్రం ఊళ్ళో ఉందా, ఉంటే ఎవరి పేరు మీద ఉంది, దానిలో సరిహద్దు ఏ వాగు నుంచి ఏ గుట్ట దాకా రాశారు. పత్రం లేకుండా ప్రాజెక్టు వచ్చిందంటే డబ్బు వేరే ఖాతాకి వెళ్ళి, కట్టెలు తెచ్చుకోకూడదు, పశువుల్ని తోలకూడదు, అడ్డాకు కోయకూడదు అన్న రూల్స్ మాత్రం మీ గుమ్మంలోకి వస్తాయి. కరక్కాయ, ఉసిరి, చింతపండు, కొండ చీపుర్లు, ఇప్ప పువ్వు, వీటన్నిటి మీద ఒక ఇంటికి ఏడాదిలో వచ్చే ఆదాయం ఎంతో ముందు ఊళ్ళో కూర్చుని లెక్క వేసుకోండి, అగ్రిమెంట్ వల్ల అందులో పావు వంతు తగ్గినా కార్బన్ డబ్బు దాన్ని పూడ్చలేదు.

ఇంకో ప్రమాదం, ఈ రకం క్రెడిట్ల మీద నమ్మకమే దెబ్బతింది. కాపాడకపోతే ఇంత అడవి పోయేది అని ఊహించి, ఆ పోని అడవికి క్రెడిట్లు ఇస్తారు, ఊహ పెద్దది చేస్తే క్రెడిట్లు ఎక్కువ. 2023 జనవరిలో గార్డియన్ పత్రిక మరికొందరు జర్నలిస్టులతో కలిసి వెర్రా స్టాండర్డ్ కింద వచ్చిన వర్షారణ్య క్రెడిట్లలో 90 శాతానికి పైగా నిజమైన తగ్గింపు కాదని రాసింది, వెర్రా ఒప్పుకోలేదు గానీ మార్కెట్ మీద దెబ్బ పడింది. అదే ఏడాది అక్టోబర్‌లో జింబాబ్వేలోని కరీబా అనే పెద్ద అడవి ప్రాజెక్టు నుంచి దాని క్రెడిట్లు అమ్మే సౌత్ పోల్ కంపెనీ తప్పుకుంది. అడవిని కాపాడిన ఊళ్ళ తప్పు ఏమీ లేదు, అయినా వాళ్ళ డబ్బుకే ఎసరు వచ్చింది. మీ ఊరు ఇందులోకి వెళ్ళాలనుకుంటే ఊహల లెక్క మీద కాకుండా అడవి నిజంగా ఎంత తిరిగి లేచిందో కొలిచి ఇచ్చే ప్రాజెక్టుకే వెళ్ళండి.

నాలుగో దారి: ఏడాదికింత అని నేరుగా ఇచ్చేది

ఇది మన రెండు రాష్ట్రాల్లో ఇంకా రాలేదు, అయినా పోలికలో పెట్టాల్సిందే, ఎందుకంటే అడగాలంటే ముందు తెలియాలి కదా. కోస్టారికా 1997 నుంచి అడవిని ఉంచుకున్న భూయజమానులకి ఏటా హెక్టారుకి ఇంత అని కడుతోంది, దానికి డబ్బు పెట్రోలు డీజిల్ మీద వేసిన పన్ను నుంచి తీసింది. ఉగాండాలో హొయిమా, కిబాలే జిల్లాల్లో 121 ఊళ్ళు తీసుకుని, లాటరీ తీసినట్టు సగం ఊళ్ళలో చెట్టు కొట్టని రైతుకి హెక్టారుకి ఏడాదికి సుమారు 28 డాలర్లు ఇచ్చి చూశారు, మిగతా సగం ఊళ్ళలో ఇవ్వలేదు. రెండేళ్ళలో డబ్బు ఇవ్వని ఊళ్ళలో చెట్లు 9 శాతం తగ్గాయి, ఇచ్చిన ఊళ్ళలో 4 శాతం. మేఘాలయ ప్రభుత్వం కూడా 2022లో గ్రీన్ మేఘాలయ పేరుతో సహజ అడవిని ఉంచుకున్న వాళ్ళకి అడవిని బట్టి హెక్టారుకి ఏడాదికి సుమారు 10,000 రూపాయల దాకా ఇవ్వడం మొదలుపెట్టింది, అంటే ఎకరాకి 4,000 దాకా. పైన మనం వేసిన 720తో పోల్చి చూడండి. పాత చెట్టుకి కూడా విలువ కట్టేది ఈ పద్ధతి ఒక్కటే, తాత కాలం నుంచి అడవిని ఉంచుకున్న మనిషికి న్యాయం జరిగేది ఇందులోనే. దీని బలహీనత ఏంటంటే బడ్జెట్ ఉన్నన్నాళ్ళే, ప్రభుత్వం మారితే ఆగిపోవచ్చు.

గ్రీన్ క్రెడిట్ అని ఇంకో మాట వినపడుతోంది, దాన్ని దీనితో కలపకండి. కేంద్రం 2023 అక్టోబర్‌లో తెచ్చిన గ్రీన్ క్రెడిట్ రూల్స్‌లో చెట్ల పెంపకం అంటే దెబ్బతిన్న అటవీ భూమిలో అటవీ శాఖ చేయించేది, డబ్బు పెట్టిన కంపెనీకి క్రెడిట్లు, రైతు పొలానికి ఆ దారిలో ఏమీ రాదు. ఎవరైనా గ్రీన్ క్రెడిట్ ఇప్పిస్తామని ఊళ్ళో దరఖాస్తు ఫీజు వసూలు చేస్తుంటే ఇవ్వొద్దు. అసలు ఏ కార్బన్ ప్రాజెక్టులోనూ రైతు ఎదురు డబ్బు కట్టే పని లేదు.

అగ్రిమెంట్‌లో ఏం చదవాలి

ఏ దారి అయినా చివరికి కాగితం మీదకే వస్తుంది. తెలుగులో ఇవ్వమని అడగండి, ఇవ్వకపోతే అక్కడితో ఆపేయండి, దీనిలో మొహమాటం అక్కర్లేదు. ఊళ్ళో చదువుకున్న పిల్లలు ఉంటే గ్రామసభలో గట్టిగా చదివించండి.

వాటా అన్న మాట దగ్గర ఆగండి. 60 శాతం రైతుకి అని రాసి ఉంటుంది, దేని మీద 60? అమ్మిన మొత్తం మీదా, ఖర్చులు పోగా మిగిలినదాని మీదా? ఖర్చులు పోగా అంటే ఆ ఖర్చు ఎంతో వాళ్ళే రాస్తారు, అందుకే ఖర్చుకి ఒక హద్దు రాయించాలి. కెన్యాలో, కొంత తమిళనాడులో కూడా పనిచేసిన టిస్ట్ అనే ప్రోగ్రామ్‌లో లాభంలో 70 శాతం రైతులకి, దానికి ముందు చెట్టుకి కొద్దిగా అడ్వాన్స్, ఇలా ముందే చెప్పి పెట్టారు, కనీసం పోల్చుకోవడానికి అదొక కొలబద్ద.

డబ్బు ఎప్పుడు వస్తుంది అన్నది వాటా కంటే ముఖ్యం అంటాను నేను. ఉగాండాలో ట్రీస్ ఫర్ గ్లోబల్ బెనిఫిట్ అనే ప్రాజెక్టులో రైతుకి మొక్కలు పెట్టగానే 30 శాతం, మరుసటి ఏడు 20, మూడో ఏడు 20, ఐదో ఏడు 10, పదో ఏడు మిగిలిన 20 ఇస్తారు, ప్రతిసారీ ఎన్ని చెట్లు బతికాయో చూసుకుని. మొదటి మూడేళ్ళలోనే 70 శాతం చేతికి వచ్చేస్తుంది. క్రెడిట్ అమ్ముడయ్యాక ఇస్తాం అన్న అగ్రిమెంట్‌కీ దీనికీ చాలా తేడా, అమ్ముడవ్వకపోతే నష్టం ఎవరిది అన్నది అందులోనే తేలిపోతుంది.

2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ వచ్చినప్పుడు అరకు, పాడేరు వైపు సిల్వర్ ఓక్‌లు ఎలా పడిపోయాయో చూసినవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు, నీడ పోయి కింద కాఫీ కూడా దెబ్బతింది. అలాంటిది మళ్ళీ వస్తే అగ్రిమెంట్ ఏమంటుంది? తీసుకున్న డబ్బు వెనక్కి కట్టాలంటుందా, మళ్ళీ మొక్కలు ఎవరిస్తారంటుంది? గాలివాన, నిప్పు, పురుగు వల్ల పోయిన చెట్టుకి రైతు బాధ్యత లేదు అన్న వాక్యం ఉండి తీరాలి. ఆడపిల్ల పెళ్ళికో, ఆస్పత్రి ఖర్చుకో రెండు చెట్లు కొట్టి అమ్ముకోవాల్సి వస్తే ఎన్ని కొట్టొచ్చు అన్నది కూడా అంకెతో రాయించండి, అవసరం వచ్చిన రోజు వాళ్ళని బతిమాలుకునే పరిస్థితి ఉండకూడదు.

కాలం ఇరవై నుంచి నలభై ఏళ్ళు ఉంటుంది, యాభై ఏళ్ళ మనిషి సంతకం పెడితే మోసేది కొడుకూ కూతురూ. పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకోండి. మధ్యలో బయటికి రావాలంటే ఎంత కట్టాలో, ఎన్ని నెలల ముందు చెప్పాలో చూడండి.

ఇక భూమి. షెడ్యూల్డ్ ఏరియాలో 1/70 చట్టం ఉంది, గిరిజనుడి భూమి గిరిజనేతరుడికో కంపెనీకో బదిలీ చేయడం చెల్లదు, పోడు పట్టా అయితే వారసులకి వస్తుంది తప్ప అమ్మడానికీ వీల్లేదు. కాబట్టి అగ్రిమెంట్‌లో లీజు, తనఖా, స్వాధీనం లాంటి మాటలు ఏ రూపంలో కనపడినా సంతకం పెట్టకండి. చెట్టు పీల్చిన కార్బన్ మీద హక్కు ఇస్తున్నాం, భూమి మీద కాదు, చెట్టు మీద కాదు, కాయ మీద కాదు అని విడిగా ఒక వాక్యం రాయించుకోవాలి. ఒకే చెట్టుని రెండు ప్రాజెక్టుల్లో రాయిస్తే రెండూ పోతాయి, కాబట్టి ముందు ఎవరికైనా పట్టా కాపీ ఇచ్చి ఉంటే అది ఏమైందో కనుక్కోండి.

మరి ఎవరికి ఏది

కాఫీ తోట ఉండి మధ్యలో చెట్లు పలచబడ్డవాళ్ళకి, పండ్ల మొక్కలు ముందే ఇచ్చే మొదటి దారి, వెతుక్కోవాల్సిన పని లేదు. 2025లో అరకు వైపు కాఫీకి కాయతొలుచు పురుగు కనపడ్డాక ఒక్క పంట మీద ఆధారపడటం ఎంత ప్రమాదమో తెలిసింది, మిరియాలు, పనస, నారింజ కలిపిన తోటకి ఆ భయం తక్కువ. అరెకరం, ముప్పావు ఎకరం ఉన్నవాళ్ళు ఒంటరిగా వెళ్తే కొలిచే ఖర్చే వచ్చేదాని కంటే ఎక్కువ అవుతుంది, డ్వాక్రా సంఘంగానో, రైతు ఉత్పత్తిదారుల సంఘంగానో కలిసి వెళ్తేనే బేరం కుదురుతుంది, ఖాతా కూడా ఇంట్లో ఆడవాళ్ళ పేరు మీదే పెట్టించండి, మొక్కకి నీళ్ళు పోసేది ఎక్కువగా వాళ్ళే.

జీడిమామిడి ఉన్న ఉద్దానం, సీతంపేట వైపు వాళ్ళు ఉన్న తోట తీసేసి కొత్తది పెట్టమనే ప్రాజెక్టుకి వెళ్ళొద్దు, ఖాళీ అయిన చోట్ల పూరించే ప్రాజెక్టు అయితే చూడొచ్చు. మైదానంలో ఎండిపోయిన మెట్ట ఉన్నవాళ్ళు కలప రేటు చూసుకుని రెండో దారి ఆలోచించండి. పోడులో రాగులు, సామలు, కందులు వేసుకుని తినే ఇల్లయితే మొత్తం నేల చెట్లకి ఇవ్వకండి, గట్ల మీదా వాలు ఎక్కువ ఉన్న ముక్కలోనూ పెట్టుకుని తిండి నేల తిండికే ఉంచండి, ఎంత మంచి ప్రాజెక్టు అయినా సరే.

ఊరికి అడవి పత్రం ఉంటే మూడో దారి గురించి గ్రామసభలో మాట్లాడండి, తొందరపడకుండా ఒక సీజన్ అంతా మాట్లాడండి. పత్రం లేని ఊరు కార్బన్ ప్రాజెక్టు కంటే ముందు సామూహిక హక్కుకి క్లెయిమ్ పెట్టుకోవాలి, ఫారం గ్రామసభే అటవీ హక్కుల కమిటీ ద్వారా నింపి సబ్ డివిజన్ కమిటీకి పంపాలి, రసీదు తీసుకోవాలి, పెద్దవాళ్ళు చెప్పిన పాత సరిహద్దుల మ్యాప్ జత చేయాలి. కంపెనీ మనిషి ఈ లోపల వచ్చి తొందర పెడితే, పత్రం వచ్చాక రమ్మని చెప్పి పంపించేయండి.